డబ్బా మార్చాలా, సరుకు మార్చాలా?

వీడియో ఫైళ్ల మార్పిడి, రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా తయారుచేయడం) గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్ర: కంప్యూటర్ తెరను ఓబీఎస్‌తో రికార్డు చేసి పాఠాలు తయారుచేస్తుంటాను. ఫైళ్లు ఎంకేవీలో వస్తాయి. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంకేవీని తీసుకోదు. అందుకని ప్రతిసారీ కన్వర్టర్‌లో వేసి ఎంపీ4 చేస్తున్నాను. గంట పాఠానికి నలభై నిమిషాలు పడుతోంది. పైగా తెర మీది అక్షరాలు మసకబారుతున్నాయి. మంచి కన్వర్టర్ ఏదైనా చెప్పండి.

జ: మీకు అసలు కన్వర్టరే అక్కర్లేదు. ఎంకేవీ, ఎంపీ4, ఎంఓవీ, ఏవీఐ ఇవన్నీ డబ్బాల పేర్లు. లోపలి సరుకు వేరు. బొమ్మ హెచ్.264లోనో, హెచ్.265లోనో, ఏవీ1లోనో కుదించి ఉంటుంది. ధ్వని ఏఏసీ, ఏసీ3, ఓపస్ లాంటివాటిలో ఉంటుంది. మీ ఎడిటర్ వద్దంటున్నది డబ్బాని. మీరేమో సరుకంతా విప్పి, మళ్లీ కుదించి, కొత్త డబ్బాలో పెడుతున్నారు. మళ్లీ కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. సన్నని అక్షరాల అంచుల దగ్గర అది ముందుగా కనబడుతుంది.

చేయాల్సింది డబ్బా మార్పిడి. దీన్నే రీమక్స్ అంటారు. ఓబీఎస్‌లోనే ఆ సౌకర్యం ఉంది: ఫైల్ మెనూలో ‘రీమక్స్ రికార్డింగ్స్’ తెరిచి, ఎంకేవీ ఫైళ్లను అందులోకి లాగి, రీమక్స్ నొక్కండి. ఫైలును ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు కాపీ చేయడానికి ఎంతసేపు పడుతుందో ఇంచుమించు అంతే పడుతుంది. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు. సెట్టింగ్స్‌లో ‘అడ్వాన్స్‌డ్’ విభాగంలో రికార్డింగ్ ఆగగానే తనంతట తానే ఎంపీ4కి రీమక్స్ చేసే టిక్కు కూడా ఉంది. అది పెట్టేస్తే ఈ పని మళ్లీ గుర్తుకు రాదు.

ఇతర ఫైళ్లకు లాస్‌లెస్‌కట్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ఫైలు తెరిచి, అవుట్‌పుట్ డబ్బాగా ఎంపీ4 ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేయండి. కమాండ్ లైన్ అలవాటున్నవారు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో కోడెక్ (కుదించే పద్ధతి) అని అడిగేచోట ‘కాపీ’ అని ఇస్తే అదే పని జరుగుతుంది.

ఇది కుదరని సందర్భం ఒకటుంది. ఎంకేవీ ఏ సరుకునైనా పట్టే గోనెసంచి లాంటిది. ఎంపీ4 అలా కాదు. బ్లూరే సబ్‌టైటిళ్లు, కొన్ని రకాల ధ్వని అందులో ఇమడవు, ఇమిడినా చాలా ప్లేయర్లు గుర్తించవు. అప్పుడు బొమ్మను కాపీగానే ఉంచి, ధ్వనిని మాత్రం ఏఏసీకి మార్చండి. ధ్వని మార్పిడి నిమిషాల్లో అయిపోతుంది.

ఇంత గొడవెందుకు, నేరుగా ఎంపీ4లోనే రికార్డు చేస్తే పోలేదా అనిపించవచ్చు. మామూలు ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక రికార్డింగ్ ముగిశాకే ఫైల్లో చేరుతుంది. మధ్యలో కరెంటు పోతే సూచిక లేని ఫైలు మిగులుతుంది, అది తెరుచుకోదు. ఎంకేవీలో ఆగిన క్షణం వరకు రికార్డైంది దక్కుతుంది. ఓబీఎస్ కొత్త వెర్షన్లలో వచ్చిన ‘హైబ్రిడ్ ఎంపీ4’ ఈ ప్రమాదాన్ని తప్పించడానికే పెట్టింది.

ఏ ఫైలు మార్చబోయినా ముందు మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఒకసారి తెరిచి చూడండి. డబ్బా, కోడెక్, ఫ్రేమ్ రేటు, బిట్‌రేటు (సెకనుకు వాడే బిట్లు), రంగుల వివరం అన్నీ ఒకే పేజీలో చూపిస్తుంది. కింది జవాబుల్లో దాని అవసరం చాలాసార్లు వస్తుంది.

ప్ర: హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి ప్రోగ్రాంలో ఒకే సెట్టింగుతో రెండు వీడియోలు మార్చాను. రెండూ గంటన్నర నిడివి, రెండూ 1080. ఒకటి 700 ఎంబీ వచ్చింది, ఇంకోటి 4 జీబీ దాటింది. తప్పు ఎక్కడుంది? ఫలానా సైజులోనే రావాలంటే ఏం చేయాలి?

జ: తప్పేమీ లేదు. హ్యాండ్‌బ్రేక్ మామూలుగా వాడేది ‘కాన్‌స్టెంట్ క్వాలిటీ’ పద్ధతి. ఆర్‌ఎఫ్ అనే అంకెతో మీరు నాణ్యతను చెబుతారు, ఎంత చోటు కావాలో ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) చూసుకుంటుంది. ఒక మనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడే వీడియోలో ఫ్రేముకీ ఫ్రేముకీ తేడా తక్కువ, అందుకే చోటూ తక్కువే. కదిలే కెమెరా, నీళ్లు, ఆకులు, జనం ఉంటే తేడా ఎక్కువ. అన్నిటికన్నా చోటు తినేది తక్కువ వెలుతురులో తీసినప్పుడు ఇసుక చల్లినట్టు వచ్చే గింజ. గింజ ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పుడుతుంది కాబట్టి ఎన్‌కోడరుకు అది కదలికలాగే కనిపిస్తుంది. మీ 4 జీబీ వీడియో రాత్రిపూట తీసినదై ఉంటే కారణం బహుశా ఇదే.

ఆర్‌ఎఫ్ అంకె పెరిగితే నాణ్యత తగ్గుతుంది, సైజూ తగ్గుతుంది. సుమారు 6 అంకెలు పెంచితే సైజు సగమవుతుంది. హెచ్.264కు 1080 వీడియోలో 20 నుంచి 24 మధ్య, 720లో 19 నుంచి 23 మధ్య, 4కేలో 22 నుంచి 28 మధ్య పెట్టుకోవడం రివాజు. 18కి దిగితే మూలానికీ దీనికీ తేడా కంటికి దొరకడం కష్టం. అంతకన్నా దిగితే చోటు దండగ. గింజ బాగా ఉంటే ‘ఫిల్టర్స్’ ట్యాబ్‌లో డీనాయిజ్ కింద ఎన్‌ఎల్‌మీన్స్‌ను ‘లైట్’ స్థాయిలో పెట్టండి. సైజు గణనీయంగా దిగుతుంది గానీ మార్పిడి బాగా నెమ్మదిస్తుంది. అంత ఓపిక లేకపోతే అదే జాబితాలో హెచ్‌క్యూడీఎన్3డీ తేలిక.

సైజే ముఖ్యమైతే లెక్క ఇది: మెగాబిట్లలో బిట్‌రేటును సెకన్లతో గుణించి 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. గంటన్నర అంటే 5400 సెకన్లు. 2 జీబీలో ఇమడాలంటే 2000ను 8తో గుణించి 5400తో భాగించండి: సెకనుకు దాదాపు 2.96 మెగాబిట్లు. ధ్వనికి 0.16 తీసేయండి, డబ్బా ఖర్చుకు కొద్దిగా వదిలేయండి. బొమ్మకు 2.7 మిగిలింది. ‘యావరేజ్ బిట్‌రేట్’ గడిలో 2700 వేసి, మల్టీపాస్ టిక్కు పెట్టండి. మొదటి విడతలో ఎక్కడ కదలిక ఎక్కువో చూసుకుని, రెండో విడతలో బిట్లను దాని ప్రకారం పంచుతుంది. సమయం ఎక్కువే పడుతుంది కానీ సైజు అనుకున్నంతకు చాలా దగ్గరగా వస్తుంది. కదలిక ఎక్కువున్న 1080 వీడియోకు 2.7 చాలదు, చదరాలు చదరాలుగా విరుగుతుంది. అప్పుడు బొమ్మను 720కి దించడమే మేలు. చిన్నదైనా శుభ్రంగా ఉంటుంది.

ఎన్‌కోడర్ ప్రీసెట్‌ను (ఫాస్ట్, మీడియం, స్లో) నాణ్యత మీటగా అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది ప్రధానంగా ఎంత శ్రమపడి కుదించాలో చెప్పేది. స్లో పెడితే అదే నాణ్యత కాస్త తక్కువ చోటులో వస్తుంది. ‘ప్లాసిబో’ అనే ప్రీసెట్‌కు ఆ పేరు ఊరికే పెట్టలేదు, దాని జోలికి పోకండి.

ప్ర: గంట నిడివి ప్రాజెక్టు రెండర్ చేస్తుంటే ప్రతిసారీ 43 శాతం దగ్గర ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. విండోస్ కూడా మళ్లీ వేశాను. ఫలితం లేదు.

జ: ప్రతిసారీ ఒకేచోట ఆగడం మీ అదృష్టం. ఒకేచోట ఆగితే దోషం టైమ్‌లైన్‌లో (ఎడిటర్‌లో క్లిప్పులు పేర్చే పట్టీలో) ఉంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే అప్పుడు కంప్యూటర్‌ను అనుమానించాలి. విండోస్ దాకా వెళ్లకముందు ఈ ఒక్క తేడా చూసుకుని ఉంటే మీకొక రోజు మిగిలేది.

గంటలో 43 శాతమంటే 25 నిమిషాల 48 సెకన్ల ప్రాంతం. ఇన్, అవుట్ గుర్తులు పెట్టి 25వ నిమిషం నుంచి 27వ నిమిషం వరకు మాత్రమే రెండర్ చేయండి. ఆగుతుంది. ఇక ఆ రెండు నిమిషాల్లోని క్లిప్పులను ఒక్కొక్కటే డిజేబుల్ చేస్తూ మళ్లీ రెండర్ చేయండి. దేన్ని ఆపితే సాఫీగా సాగిందో అదే దొంగ.

సాధారణంగా దొరికేవి ఇవి. ఒకటి, టైమ్‌లైన్ మీద పెట్టిన భారీ ఫోటో. పది పన్నెండు వేల పిక్సెళ్ల వెడల్పున్న పనోరమా లాంటిది గ్రాఫిక్స్ కార్డు మెమరీని ఒక్కసారిగా మింగుతుంది. దాన్ని ఫోటో ఎడిటర్‌లో 4000 పిక్సెళ్లకు తగ్గించి మళ్లీ పెట్టండి. రెండు, కాపీ అయ్యేటప్పుడు చెడిన క్లిప్పు. వీఎల్‌సీలో ఆ భాగం ఆడించి చూస్తే బొమ్మ చెదురుతుంది. కార్డు నుంచి మళ్లీ కాపీ చేసుకోవాలి. మూడు, ఎఫెక్ట్. ముఖ్యంగా ముందువెనక ఫ్రేములను కూడా చూసి పనిచేసే రకం. దీని బరువు ఎంతో లెక్క చూడండి: ఒక 4కే ఫ్రేమును 32 బిట్ ఫ్లోట్‌లో మెమరీలో పెడితే 3840 × 2160 × 16 బైట్లు, అంటే దాదాపు 133 ఎంబీ. ఒకేసారి ఐదు ఫ్రేములు, వాటి మీద మూడు నాలుగు ఎఫెక్టులు పేర్చితే 4 జీబీ కార్డు నిండడానికి ఎంతోసేపు పట్టదు. అలాంటి క్లిప్పును విడిగా రెండర్ చేసి, ఆ ఫలితాన్ని టైమ్‌లైన్‌లో పెట్టండి.

విడిగా రెండర్ చేసినప్పుడు హెచ్.264 వాడకండి. మధ్య దశకు ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ కోడెక్‌లు వాడాలి. అవి మళ్లీమళ్లీ కుదించినా పెద్దగా పాడవవు. చోటు మాత్రం చూసుకోండి. 1080, 30 ఫ్రేముల దగ్గర ప్రోరెస్ 422 సెకనుకు 147 మెగాబిట్లు. గంటకు 66 జీబీ.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగేవారికి: ముందు ఫైలు రాస్తున్న డిస్కులో చోటుందా, కంప్యూటర్ నిద్రపోయే సెట్టింగు ఆఫ్ చేశారా చూడండి. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డరులోకి రెండర్ చేయకండి. ఫైలు పూర్తికాకముందే సింక్ ప్రోగ్రాం దాన్ని ఎత్తుకోబోతుంది, రెండర్ తన్నుతుంది. తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి చూడండి. ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి వేగం తగ్గుతుంటే ముందు దుమ్ము దులపండి. మొత్తం కంప్యూటరే ఆగి మళ్లీ స్టార్టవుతుంటే పవర్ సప్లైని అనుమానించాలి. ర్యామ్ కోసం మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ రెండరింగుకు పనికిరాదు.

ప్ర: కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాను, హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశాను. హ్యాండ్‌బ్రేక్ వేగంలో ఒక్క ఫ్రేము తేడా లేదు!

జ: ఉండదు. ఎక్స్264, ఎక్స్265 (హెచ్.264, హెచ్.265 తయారుచేసేవి) రెండూ ప్రాసెసర్ మీదే నడిచే ఎన్‌కోడర్లు, మీ కార్డు వైపు తొంగి కూడా చూడవు. ‘వీడియో’ ట్యాబ్‌లో ఎన్‌కోడర్ జాబితా తెరిచి ఎన్‌వెంక్ (ఎన్‌విడియా), వీసీఈ (ఏఎండీ), క్విక్‌సింక్ (ఇంటెల్) అని ఉన్నవాటిలో మీ కార్డుకు తగినది ఎంచుకుంటేనే దాని పని మొదలవుతుంది. వేగం కొన్ని రెట్లు పెరుగుతుంది. బదులుగా అదే నాణ్యతకు ఫైలు కొంత పెద్దదవుతుంది. ఎక్స్264లో 22 అని పెట్టిన అంకె ఇక్కడ అదే అర్థం ఇవ్వదు. ఒక నిమిషం ముక్కను రెండు మూడు అంకెలతో మార్చి, కంటితో పోల్చుకుని స్థిరపరచుకోండి.

ఎస్‌ఎస్‌డీ సంగతికొస్తే, 50 మెగాబిట్ల వీడియో చదవడానికి సెకనుకు 6 ఎంబీ చాలు. పాత హార్డ్ డిస్కు కూడా దానికి పదింతలకు పైగా ఇవ్వగలదు. ఎడిటింగ్‌లో అటూ ఇటూ జరుపుతూ చూసేటప్పుడు, ప్రోరెస్ లాంటి భారీ ఫైళ్లతో పనిచేసేటప్పుడు ఎస్‌ఎస్‌డీ విలువ తెలుస్తుంది. మార్పిడికి మాత్రం ప్రాసెసరే ఇరుకు మెడ. కోర్లు పెంచుకుంటూ పోయినా హ్యాండ్‌బ్రేక్‌కు ఆరు ఎనిమిది దాటాక లాభం క్రమంగా తగ్గుతుంది.

ఎప్పుడు ఏది? దాచిపెట్టుకునే ఫైలుకు ఎక్స్264 లేదా ఎక్స్265, రాత్రి క్యూలో పెట్టి పడుకోండి. ఇవాళే పంపాల్సిన ఫైలుకు కార్డు.

ప్ర: ఫోన్లో తీసిన వీడియోను ఎడిట్ చేస్తే మొదట్లో మాట, పెదవులు బాగానే కలుస్తాయి. పదిహేను నిమిషాలు గడిచేసరికి మాట వెనకబడుతుంది. ఫోన్లో చూస్తే మాత్రం బాగానే ఉంది.

జ: ఆ తేడా మొదటినుంచీ ఒకే మోతాదులో ఉంటే ధ్వనిని అంత మేర జరిపితే సరి. మీ విషయంలో తేడా పోనుపోను పెరుగుతోంది కాబట్టి ఇది ఫ్రేమ్ రేటు జబ్బు. ఫోన్లు వెలుతురును బట్టి, వేడిని బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ పోతాయి. మీడియాఇన్ఫోలో ‘ఫ్రేమ్ రేట్ మోడ్’ ఎదురుగా ‘వేరియబుల్’ అని కనిపిస్తుంది. ప్లేయరు ఒక్కో ఫ్రేము సమయాన్ని చూసి ఆడిస్తుంది గనుక ఇబ్బంది లేదు. చాలా ఎడిటర్లు మాత్రం అన్ని ఫ్రేములూ సమానమనుకుని పేరుస్తాయి, ధ్వని దాని దారిన అది పోతుంది.

హ్యాండ్‌బ్రేక్‌లో ‘వీడియో’ ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30, పక్కన ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకోండి. ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య ఉంచండి, ఎందుకంటే ఇది చివరి ఫైలు కాదు, మళ్లీ ఒకసారి కుదింపుకు లోనవుతుంది. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే ఈ పని చేయాలి. కత్తిరింపులన్నీ అయ్యాక మార్చితే కత్తిరించిన చోట్లు కూడా పక్కకు జరిగిపోతాయి.

ప్రాజెక్టు 29.97లో ఉండి క్లిప్పులు 30లో ఉన్నా, వాటిని ఫ్రేముకు ఫ్రేముగా పేరిస్తే ఇలాంటిదే జరుగుతుంది. తేడా వెయ్యికి ఒక వంతే అనిపిస్తుంది, గంటకు 3.6 సెకన్లవుతుంది.

ప్ర: తెలుగు సబ్‌టైటిళ్లు, టైటిళ్లలో వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఒక్కోసారి అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి.

జ: ఇవి రెండు వేర్వేరు రోగాలు. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే సబ్‌టైటిళ్లుండే ఎస్‌ఆర్‌టీ ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ కాలేదు. నోట్‌ప్యాడ్‌లో ‘సేవ్ యాజ్’ నొక్కినప్పుడు కింద ఎన్‌కోడింగ్ గడిలో యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ఏఎన్‌ఎస్‌ఐలో సేవ్ చేసి మూసేస్తే అక్షరాలు అప్పటికే పోయాయి, మళ్లీ టైపు చేయాల్సిందే. ఇక వత్తులు విడిపోతే అక్షరాలు సరిగానే ఉన్నాయి, వాటిని కలిపి గీసే ఇంజిన్ లేదన్నమాట. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అని రెండు మాటలు పెట్టి చూడండి. ఆ రెండూ నిలబడితే మిగతా తెలుగంతా నిలబడుతుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రిఫరెన్సెస్‌లో ‘టైప్’ విభాగం కింద టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’గా మార్చాలి. ప్రీమియర్‌లో ఇలాంటిదే ‘గ్రాఫిక్స్’ విభాగంలో ఉంటుంది. మార్చాక కొత్త టెక్స్ట్ లేయరు వేసి చూడండి. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు వాడండి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ కాదు. అది ఆ ఫాంటున్న కంప్యూటర్‌లో తప్ప మరోచోట పిచ్చిగీతలే. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

టీవీల్లో చూసే ఫైలుకైతే సబ్‌టైటిళ్లను విడిగా పెట్టి లాభం లేదు. ఫైలు ఎంత సరిగా ఉన్నా, గీసేది టీవీ. చాలావాటికి తెలుగు కలపడం రాదు. హ్యాండ్‌బ్రేక్ ‘సబ్‌టైటిల్స్’ ట్యాబ్‌లో ఎస్‌ఆర్‌టీని ఇంపోర్ట్ చేసి, క్యారెక్టర్ కోడ్ యూటీఎఫ్-8 పెట్టి, ‘బర్న్ ఇన్’ టిక్కు పెట్టండి. అక్షరాలు బొమ్మలో భాగమైపోతాయి. మళ్లీ తీయలేరు కాబట్టి సబ్‌టైటిళ్లు లేని ప్రతిని ఉంచుకోండి.

ప్ర: పాత డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఎవరైనా కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా అడ్డగీతలు వస్తున్నాయి. మనుషులు కూడా లావుగా కనిపిస్తున్నారు.

జ: ఆ గీతలు ఇంటర్లేసింగ్ వల్ల. పాత టీవీ పద్ధతిలో ఒక్కో ఫ్రేములో రెండు సగాలుంటాయి: సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు మరుక్షణానివి. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీ 720 × 576, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 సగాలు. రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తే కదిలిన వస్తువు అంచు దువ్వెనలా చీలుతుంది.

డీవీడీలోని వీడియో_టీఎస్ ఫోల్డరును మొత్తంగా డిస్కులోకి కాపీ చేసుకుని, హ్యాండ్‌బ్రేక్‌లో ఆ ఫోల్డరునే తెరవండి. వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటే మార్చితే 1 జీబీకి ఒక ముక్క చొప్పున విడిపోయి, అతుకుల దగ్గర మాట తెగుతుంది. ‘ఫిల్టర్స్’లో డీఇంటర్లేస్‌కు బ్వ్‌డిఫ్, ప్రీసెట్‌గా ‘బాబ్’ ఎంచుకుని, ఫ్రేమ్‌రేట్ 50 పెట్టండి. బాబ్ ఒక్కో సగాన్నీ ఒక పూర్తి ఫ్రేముగా చేస్తుంది, అప్పటి కదలికలోని నునుపు పోదు. మామూలు డీఇంటర్లేస్ 25 ఫ్రేములే ఇస్తుంది, కదలిక కాస్త గతుకుగా ఉంటుంది. ఆర్‌ఎఫ్ 18 నుంచి 20. మార్చాక బొమ్మ ముందుకో అడుగు వెనక్కో అడుగు వేస్తున్నట్టు వణికితే సగాల వరస తారుమారైందని అర్థం. డీవీ టేపుల నుంచి వచ్చిన వాటిలో కింది సగం ముందుంటుంది, డీవీడీల్లో ఎక్కువగా పై సగం ముందు. మీడియాఇన్ఫోలో ‘స్కాన్ ఆర్డర్’ చూడండి.

మనుషులు లావెక్కడానికి కారణం చుక్కల ఆకారాన్ని తప్పుగా తీసుకోవడం, అంటే 4:3 వీడియోను 16:9గా సాగదీయడం. డీవీడీలో చుక్కలు చదరం కావు. 4:3 వీడియో 768 × 576గానో, 16:9 అయితే 1024 × 576గానో కనిపించాలి. ‘డైమెన్షన్స్’లో యానమార్ఫిక్‌ను ‘ఆటోమేటిక్’లో వదిలేయండి, చేత్తో అంకెలు వేయకండి.

గీతలు పడ్డ డిస్కును తుడిచేటప్పుడు మధ్యనుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడిన గీత ఒకే వరస సమాచారాన్ని పొడవునా తినేస్తుంది. మధ్యనుంచి అంచుకు పడిన గీతను తప్పులు దిద్దే ఏర్పాటు సర్దుకోగలదు.

ప్ర: ఐఫోన్ వీడియోలు మార్చాక పాలిపోయి, బూడిద రంగులో వస్తున్నాయి.

జ: అవి హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడలను ఎక్కువ పరిధిలో పట్టే పద్ధతిలో) తీసినవి. మీడియాఇన్ఫోలో రంగుల దగ్గర బీటీ.2020, హెచ్‌ఎల్‌జీ అని ఉంటుంది. ఆ అంకెలను మామూలు తెరకు (బీటీ.709) తగ్గట్టు అనువదించకుండా అలాగే చూపిస్తే ఇలా పాలిపోతాయి. డావిన్సీ రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో కలర్ మేనేజ్‌మెంట్‌ను ‘డావిన్సీ వైఆర్‌జీబీ కలర్ మేనేజ్‌డ్’ చేసి, అవుట్‌పుట్ ఎస్‌డీఆర్ (మామూలు తెర పద్ధతి) పెడితే అనువాదం జరిగిపోతుంది. తర్వాత చేసే సాచురేషన్, కాంట్రాస్ట్ సర్దుబాట్లతో దీన్ని కప్పబోతే చర్మం రంగు నారింజకు తిరుగుతుంది. ఇకముందు తీసేవాటికి ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి హెచ్‌డీఆర్ వీడియో ఆపేయండి.

ప్ర: బ్లెండర్‌లో నిమిషం యానిమేషన్. రెండున్నర రోజులు రెండర్ అయ్యాక కరెంటు పోయింది. ఎంపీ4 తెరుచుకోవడం లేదు. అది బాగవుతుందా?

జ: కష్టం. ముగింపు సూచిక రాయకుండా ఆగిన ఎంపీ4 కథ పైన చెప్పిందే. కెమెరా ఫైళ్లకైతే అదే కెమెరాలో తీసిన మంచి ఫైలును నమూనాగా ఇచ్చి ‘అన్‌ట్రంక్’ అనే సాధనంతో ప్రయత్నించవచ్చు. బ్లెండర్ ఫైలుకు కూడా అవే సెట్టింగులతో ఒక చిన్న ముక్క రెండర్ చేసి నమూనాగా ఇచ్చి చూడండి, ఆశ ఎక్కువ పెట్టుకోకుండా.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వీడియోగా రెండర్ చేయకండి, బొమ్మల వరసగా చేయండి. అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో ఫైల్ ఫార్మాట్ పీఎన్‌జీ (తర్వాత రంగులు బాగా దిద్దాలనుకుంటే ఓపెన్ఈఎక్స్‌ఆర్). ‘ఓవర్‌రైట్’ టిక్కు తీసేయండి. 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 1440 బొమ్మలు. ఫ్రేముకు రెండు నిమిషాలైనా 48 గంటలు. 900వ ఫ్రేము దగ్గర కరెంటు పోయినా, మళ్లీ నొక్కితే ఉన్నవాటిని దాటేసి 901 నుంచి సాగుతుంది. ‘ప్లేస్‌హోల్డర్స్’ టిక్కు రెండు మూడు కంప్యూటర్లు కలిసి ఒకే ఫోల్డరులో రెండర్ చేసేటప్పుడు పెట్టేది. అది పెట్టినప్పుడు కంప్యూటర్ ఆగిపోతే, సున్నా బైట్ల ఖాళీ ఫైలు ఒకటి మిగులుతుంది. బ్లెండర్ దాన్ని కూడా ‘అయిపోయింది’ అనుకుని దాటేస్తుంది. తిరిగి మొదలుపెట్టేముందు ఫోల్డరును సైజు వరసలో పెట్టి, సున్నాలున్నవాటిని తుడిచేయండి. అన్నీ అయ్యాక వీడియో సీక్వెన్సర్‌లో ‘ఇమేజ్/సీక్వెన్స్’గా తెచ్చుకుని ఎంపీ4 చేస్తే కొద్ది నిమిషాల పని.

రెండున్నర రోజులను తగ్గించే మార్గం కూడా ఉంది. బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో శాంపిళ్లు (ఒక్కో చుక్కకు కాంతిని ఎన్నిసార్లు లెక్కించాలో చెప్పే అంకె) మొదట 4096 అని ఉంటాయి. గింజ సగం తగ్గాలంటే శాంపిళ్లు నాలుగు రెట్లు కావాలి, అంటే చివరి మెరుగు అన్నిటికన్నా ఖరీదు. 256 లేదా 512 పెట్టి డీనాయిజ్ ఆన్ చేసి, ఒక కష్టమైన ఫ్రేము రెండర్ చేసి చూడండి, చాలాసార్లు సరిపోతుంది. కదలికలో మచ్చలు మినుకుమంటే అప్పుడు పెంచండి. ప్రిఫరెన్సెస్, సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డును టిక్కు పెట్టడంతో సరిపోదు, రెండర్ ప్రాపర్టీస్‌లో ‘డివైస్’ దగ్గర ‘జీపీయూ కంప్యూట్’ అని కూడా మార్చాలి. రెండోది మరిచిపోయి రోజులు లెక్కపెట్టేవారు తక్కువేం కాదు.

ప్ర: యూట్యూబ్‌కు ఎంత బిట్‌రేట్‌తో పంపాలి?

జ: మామూలు రంగుల వీడియోకు యూట్యూబ్ సిఫారసు ఇది: 1080లో 30 ఫ్రేములకు 8 మెగాబిట్లు, 60 ఫ్రేములకు 12. 4కేలో 30 ఫ్రేములకు 35 నుంచి 45. హెచ్.264, ఎంపీ4, ధ్వని ఏఏసీ 48 కిలోహెర్ట్జ్, స్టీరియోకు 384 కిలోబిట్లు. దీనికన్నా ఎక్కువ ఇచ్చినా వాళ్లు మళ్లీ కుదిస్తారు, కాకపోతే మంచి మూలం నుంచి కుదిస్తే ఫలితం మంచిది. అప్‌లోడ్‌కు ఓపికుంటే ఒకటిన్నర రెట్లు పంపండి. 29.97లో తీసినదాన్ని 60 చేసి పంపకండి.

ప్ర: పెన్‌డ్రైవ్‌లోకి రెండర్ చేస్తే సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిపోతోంది. 64 జీబీ డ్రైవు, ఖాళీగానే ఉంది.

జ: డ్రైవు ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. దాని మీద ఒక ఫైలు 4 జీబీ దాటలేదు. అందులోవి వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ను చదవకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రయత్నించండి. అదీ చదవకపోతే ఎఫ్‌ఏటీ32నే ఉంచి, సైజును 4 జీబీ లోపలికి తెచ్చుకోవాలి. లెక్క రెండో జవాబులో ఉంది. ఏదైనా ముందు కంప్యూటర్ డిస్కులోకి రెండర్ చేసి, పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.